పాత కారుకి నల్ల నంబరు బోర్డు: ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

కారు నంబరు బోర్డులు రాసి బతికినవాణ్ని నేను. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కుంచె పట్టిన రోజుల్లో సొంత కారంటే నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు. ట్యాక్సీకి, లారీకి దాన్ని తిరగేసి తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. తర్వాత సొంత బండికి తెల్ల బోర్డు, కిరాయి బండికి పసుపు బోర్డు అయ్యాయి. ఆ వెనక రేడియం స్టిక్కర్లు, వాటి వెనక హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చి కుంచెకి పని లేకుండా పోయింది.

ఇప్పుడు నంబరు బోర్డు కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఒకే రకం మనుషులు. తాతగారి అంబాసిడరో, నాన్నగారి ఫియట్టో, ఎక్కడో పశువుల సాలలో దొరికిన స్టాండర్డ్ హెరాల్డో బాగుచేయించుకుని, పెయింటు తళతళలాడుతుండగా తీసుకొచ్చి, "పెయింటర్‌గారూ, పాతకాలం నల్ల బోర్డు రాసిపెట్టండి, అదుంటేనే బండికి కళ" అంటారు. కళ మాట నిజమే. రాసిస్తాను కూడా. కానీ డబ్బా మూత తీసే ముందు నేను చెప్పేవి కొన్నున్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

మొదట అసలు సంగతి. పాత నంబరు రోడ్డు మీద చెల్లుతుంది. పాత రంగు చెల్లదు.

ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది తికమక పడతారు. ఇప్పటి మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, 1989 జూలై 1న అమల్లోకొచ్చింది. అంతకుముందు 1939 చట్టం కింద ఇచ్చిన నంబర్లకి మూడు అక్షరాలు, వాటి వెనక నాలుగంకెల దాకా ఉండేవి. జిల్లా కోడ్ అంకెలు లేవు. అలాంటి నంబరు మీ బండికి ఉండి, ఆర్‌సీ బతికుంటే ఆ నంబరు మీదే. దాన్నెవరూ మార్చమనరు. కానీ ఆ నంబరుని ఏ రంగులో, ఎంత సైజులో చూపించాలన్నది మాత్రం ఇప్పటి రూలు చెబుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వది, 51వది ఈ పని కోసమే ఉన్నాయి. సొంత కారైతే తెల్ల నేల మీద నల్ల అక్షరాలు. కిరాయి బండైతే పసుపు నేల మీద నల్ల అక్షరాలు. 50వ రూలులో బండి వయసుని బట్టి రంగు సడలింపు లేదు.

"మరి యూట్యూబులో చూశాం కదా, బ్రిటన్‌లో పాత జాగ్వార్లు, మోరిస్‌లు నల్ల ప్లేట్లతో దర్జాగా తిరుగుతున్నాయి" అంటారు కుర్రాళ్లు. అది వాళ్ల చట్టం. అక్కడ 1980 జనవరి 1కి ముందు తయారై, హిస్టారిక్ వాహనంగా పన్ను తరగతిలో నమోదైన బండికి నల్ల నేల మీద వెండి లేదా తెల్ల అక్షరాల ప్లేటు పెట్టుకోనిస్తారు. మిగతావాళ్లకి ముందు తెలుపు, వెనక పసుపు. మనం అంబాసిడర్‌ని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి తెచ్చుకున్నామని ఆ ప్లేటు రూలు కూడా కలిసి రాదు.

పైగా మన దగ్గర నల్ల బోర్డుకి ఇప్పుడు వేరే అర్థముంది. నల్ల నేల మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకిచ్చి మనల్నే నడుపుకోమనే కారు. ఆనందపురం జంక్షన్‌లో నిలబడ్డ కానిస్టేబుల్‌కి మీ తాతగారి కథ తెలీదు. నల్ల రేకు కనబడితే ఆపుతాడు, ఆపడం అతని డ్యూటీ.

మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ రెండు సంగతులు కలిపి చెబుతుంది: బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు చెప్పిన పద్ధతిలో కనబడాలి. ఆ సెక్షన్ మీరి నడిపితే 192 కింద మొదటిసారి 5,000 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 10,000 దాకా పోతుంది. పొరపాట్న గుద్దేస్తే కోర్టులో ముందు అడిగేదీ నంబరు, ఇన్సూరెన్సే.

నేను రాయనివి కూడా చెప్పేస్తాను. నంబరుని తెలుగు అంకెల్లో రాయమంటారు కొందరు. నాకూ ముచ్చటే, కానీ రూలు ప్రకారం అక్షరాలు ఇంగ్లీషువి, అంకెలు 1, 2, 3 రకానివే ఉండాలి. వంపులు తిరిగిన ఫ్యాన్సీ అక్షరాలు కుదరవు. బోర్డు మీద కులం పేరు, పార్టీ గుర్తు, పైడితల్లి అమ్మవారి బొమ్మ, నాయకుడి ఫొటో ఏదీ ఉండకూడదు. అమ్మవారిని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

కాగితాలు ఎక్కడ వెతకాలి

బోర్డు సంగతి ఐదు నిమిషాల్లో తేలుతుంది. తేలనిది కాగితం. మన ప్రాంతంలో ఇందులో ఒక మెలిక ఉంది.

విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. ప్రభుత్వ లెక్కలో వింటేజ్, అంటే పాతకాలపు అపురూప బండి, అనిపించుకోవాలంటే దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. ఈ రెండూ కలిపి చూడండి: 2029 జూన్ దాకా వింటేజ్ వయసుకొచ్చే ఏ కారుకీ మొదటి నంబరు విజయనగరం జిల్లా ఇచ్చింది కాదు. ఏపీ 35 అనే కోడ్ ఆ తర్వాతి చట్టంతో వచ్చింది. ఊళ్లో కొన్న కారే కదా, ఊళ్లోనే కాగితం ఉంటుందని ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరగొద్దు. విజయనగరం పట్నం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి తాలూకాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. పార్వతీపురం ఇప్పుడు మన్యం జిల్లా అయింది, 2022 నుంచి. ఆర్‌సీ పుస్తకం మొదటి పేజీలో ఏ ఊరి ముద్ర ఉందో చూసి, ఆ ఆఫీసు నుంచి మొదలుపెట్టండి. 1953 అక్టోబరుకి ముందు రిజిస్టరైన బండైతే ముద్రే మద్రాసు రాష్ట్రానిది.

తర్వాత ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడండి. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో ఎక్కువ భాగం పోయినవాళ్ల పేరు మీదే ఉంటాయి. చట్టం ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేయాలి, మూడు నెలల్లోగా పేరు మార్పుకి పెట్టుకోవాలి. ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసులెవరో చూపే కాగితం కావాలి. అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు ఉంటే వాళ్ల అంగీకారం ముందే రాయించుకోండి. రేకులు కొట్టించి, రంగులు వేయించి, బండి ధర పెరిగాక అడిగితే సంతకానికి రేటు కూడా పెరుగుతుంది. ఎన్ని ఇళ్లలో చూశానో.

ఆర్‌సీ పుస్తకమే పోతే డూప్లికేటుకి ఫారం 26, పోలీసుల దగ్గర పోయినట్టు కాగితం. పాత రిజిస్టర్లో ఉండి కంప్యూటర్లో లేని బండైతే ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఆ ఎంట్రీ పడకుండా ఇన్సూరెన్స్ రాదు, రెన్యువల్ రాదు, హై సెక్యూరిటీ ప్లేటూ రాదు. అక్కడ చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర అడుగుతారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసే రోజుకి ఆ నంబరు పలక మీద పెయింటు పడకుండా చూసుకోండి. ఉత్సాహం కొద్దీ పెయింటు షెడ్డులో దాని మీద కూడా నాలుగు కోటింగులు కొట్టేసిన బండ్లు చూశాను. గరకు కాగితంతో గట్టిగా రుద్దితే అంకెలే అరిగిపోతాయి, అప్పుడు వచ్చే అనుమానాన్ని తీర్చడం కష్టం. పెయింటు రిమూవర్ రాసి, గుడ్డతో తుడవండి.

ఒడిశా బండ్ల గురించి ఒక మాట. రాయగడ, జయపురం, బరంపురం వైపు మంచి పాత బండ్లు దొరుకుతాయని మనవాళ్లు వెళ్లి కొంటారు. వేరే రాష్ట్రం బండి 12 నెలలకి మించి ఇక్కడుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఇక్కడ ఫారం 27 మీద దరఖాస్తు. అంటే ముచ్చటపడి కొన్న ఆ పాత మూడక్షరాల నంబరు పోతుంది. నంబరు మోజుతో కొనేవాళ్లు ఈ సంగతి బేరం ఆడేటప్పుడే గుర్తుంచుకోవాలి.

వింటేజ్ చేయించాలా, మామూలు రెన్యువల్ చాలా?

2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల కోసం వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లు, సొంత వాడకం కార్లు దాని కిందకొస్తాయి. పెట్టిన షరతు గట్టిది: బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు.

మన దగ్గర సగం అంబాసిడర్లు ఇక్కడే ఆగిపోతాయి. పెట్రోలు ధర భరించలేక ఒక తరం మొత్తం పెట్రోలు ఇంజను దింపేసి డీజిలు ఇంజను ఎక్కించుకుంది. 1972 మోడల్ మార్క్ టూ, కింద మాత్రం ఎక్కడి నుంచో తెచ్చిన డీజిలు ఇంజను. బానెట్ ఎత్తకముందే చప్పుడు చెప్పేస్తుంది. అలాంటి బండిని వింటేజ్ కోసం పెట్టి డబ్బు, టైము వృథా చేసుకోకండి. గ్యాస్ కిట్టు పెట్టినవాళ్లు, జీపుని కోసి పొడుగు చేయించినవాళ్లు కూడా అంతే.

అన్నీ ఉన్నట్టే ఉంటే దారి ఇలా ఉంటుంది. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20 మీద దరఖాస్తు. దానికి ఇన్సూరెన్స్ పాలసీ, పాత ఆర్‌సీ జతచేయాలి. విదేశాల నుంచి దిగుమతైన బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దిగుమతి కాగితం, కావాలి. రాష్ట్ర స్థాయిలో ఒక నోడల్ అధికారి, ఒక కమిటీ చూస్తాయి. కమిటీ బండిని పరీక్షించి ఔనంటే 60 రోజుల్లో ఫారం 23ఎ మీద ఆర్‌సీ ఇవ్వాలి. మొదటి రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000.

నంబరు విషయంలో ఇక్కడే తీపి కబురుంది. ఇదివరకే మన దేశంలో రిజిస్టరైన బండి తన పాత నంబరుని అలాగే ఉంచుకోవచ్చు. కొత్తగా నంబరు తీసుకునే బండికి మాత్రం వీఏ సిరీస్ ఇస్తారు: ముందు రాష్ట్రం కోడ్ ఏపీ, తర్వాత వింటేజ్‌కి గుర్తుగా వీఏ, ఆ వెనక రెండక్షరాల సిరీసు, చివర 0001 నుంచి 9999 లోపు నాలుగంకెలు. కాబట్టి పాత ఆర్‌సీ దొరకలేదని తేలిగ్గా వదిలేసి కొత్త నంబరుకి పోకండి. మీ బండిలో తిరిగి తయారు చేయలేనిది ఆ నంబరొక్కటే. రేకు దొరుకుతుంది, క్రోమియం బంపరు దొరుకుతుంది, ఫియట్ హెడ్‌లైటు రింగు కూడా వెతికితే దొరుకుతుంది.

ఇక కట్టుబాట్లు. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకి నడపకూడదు, కిరాయికి అసలు తిప్పకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, వీటికి వెళ్లి రావడం వరకే. అమ్మితే అమ్మినవాడూ కొన్నవాడూ 90 రోజుల్లో రవాణా శాఖకి చెప్పాలి.

అందుకే నన్నడిగితే, ఆదివారం ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని రామతీర్థమో, భీమిలి బీచికో వెళ్లేవాడికి వింటేజ్ అక్కర్లేదు. మామూలు ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు, ఆ పాత నంబరు అలాగే ఉంటుంది, ఎక్కడికైనా తిరగొచ్చు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ రుసుము 5,000 నుంచి 10,000 చేశారు, మోటారు సైకిలుకి 2,000. దిగుమతి చేసుకున్న కారైతే 80,000. గడువు దాటాక పెట్టుకుంటే కారుకి నెలకి 500, మోటారు సైకిలుకి 300 అదనం. బండి బయటికి తీసేదే ఏడాదికి రెండుసార్లు, అదీ విశాఖలో ప్రదర్శనకి అనేవాడికి వింటేజ్ బాగుంటుంది. 15 ఏళ్లు దాటితే తుక్కుకే అనే మాట ఢిల్లీ చుట్టుపక్కల నుంచి వచ్చింది. సొంత కారు ఫిట్‌గా ఉంటే మన దగ్గర రెన్యువల్ చేస్తారు.

పెళ్లిళ్ల గురించి అడగకుండానే చెబుతున్నాను, ఎందుకంటే మాఘమాసం వస్తే అందరి బుర్రలోనూ ఇదే ఉంటుంది. అల్లుడు గారిని ఊరేగించడానికి పాత కారుకి ఇప్పుడు గిరాకీ. మీ ఇంటి పెళ్లికి మీ మామూలు ఆర్‌సీ బండి పెట్టుకుంటే మీ ఇష్టం. డబ్బు తీసుకుని ఇస్తే అది కిరాయి, తెల్ల బోర్డుతో కిరాయి నడపడం పర్మిట్ లేకుండా నడపడమే. 192ఎ సెక్షన్ జరిమానా మామూలుది కాదు, మొదటిసారికే 10,000 రూపాయలు, జైలు కూడా రాసుంది. వింటేజ్ ఆర్‌సీ బండికైతే డబ్బు తీసుకోకపోయినా పెళ్లి ఊరేగింపు ఆ జాబితాలో లేదు.

రోడ్డు బోర్డు, చూపుల బోర్డు

నేను చేసే ఏర్పాటు రెండు బోర్డులు. ఒకటి రోడ్డుకి, ఒకటి చూపులకి.

రోడ్డు బోర్డు తెల్లది. కారుకి రెండు సైజులున్నాయి: పొడుగుది 500 మి.మీ. × 120, చదరంగా ఉండేది 340 × 200. అంబాసిడర్‌కి ముందు బంపరు మీద పొడుగుది కూర్చుంటుంది, వెనక డిక్కీకి చదరంది నప్పుతుంది. అక్షరం ఎత్తు 65 మి.మీ., గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ మధ్య 10. మోటారు సైకిలుకి ముందు అక్షరాలూ అంకెలూ 30 ఎత్తు, 5 మందం. వెనక అక్షరాలు 35, అంకెలు 40, మందం 7. పాత బుల్లెట్ల ముందు మడ్‌గార్డు మీద నిలువు రేకు, దాని రెండు వైపులా నంబరు చూసే ఉంటారు. అది అందమే, కానీ ముందు నుంచి చూసేవాడికి నంబరు కనబడదు.

హై సెక్యూరిటీ ప్లేటు నేను చేసేది కాదు, ఏ స్టిక్కర్ షాపువాడూ చేసేది కాదు. అల్యూమినియం ప్లేటు మీద ఉబ్బెత్తు అక్షరాలు, ఎడమవైపు పైన క్రోమియం హోలోగ్రాం, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ, లేజర్‌తో చెక్కిన నంబరు, వెనక ప్లేటుకి విప్పితే విరిగిపోయే లాకు. ఆ లేజర్ నంబరు మీ ఆర్‌సీతో ముడిపడి ఉంటుంది. షాపులో ఐఎన్‌డీ అని స్టిక్కరు వేసి ఇచ్చేది ఉత్త రేకే. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకి కంపెనీయే ఈ ప్లేటు ఇచ్చి అమ్మాలి. అంతకుముందు బండ్లకి గడువులు రాష్ట్రాన్ని బట్టి వేరుగా ఉంటున్నాయి. హైదరాబాదులో ఉన్న మేనల్లుడు పంపిన వాట్సాప్ చూసి కంగారు పడకుండా, మన ఆఫీసులో ఆ వేళకి ఉన్న ఉత్తర్వు అడిగి బుక్ చేసుకోండి. వెనక నంబరు మీద తెల్లని వెలుగు పడే దీపం పనిచేయాలి. పాత అంబాసిడర్లలో డిక్కీ మీద ఆ చిన్న దీపమే ముందు చస్తుంది.

చూపుల బోర్డు నల్లది. ఇది బండి ఆగి ఉన్నప్పుడు, ప్రదర్శన మైదానంలోనో, మీ వాకిట్లో ఫొటోకో. చట్టం పట్టించుకునేది నడిపే బండిని. అలాగని రోడ్డు మీద తెల్ల బోర్డు పైన దీన్ని తగిలించుకుని ఊరేగితే అది నంబరు దాచినట్టే.

రేకు ఇనుపదైతే రెడాక్సైడ్ ప్రైమరు, అది ఆరాక గరకు కాగితం, ఆపైన నల్ల ఎనామెల్ రెండు కోటింగులు, కోటింగుకీ కోటింగుకీ మధ్య ఒక రోజు. ఎండలో ఆరబెట్టకండి, బుడగలొస్తాయి. అక్షరాలకి సుద్ద దారంతో పైనా కిందా 65 మి.మీ. దూరంలో రెండు గీతలు కొట్టుకోవాలి. పాత నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు. అక్షరం వెడల్పు 45 అనుకుంటే, మధ్య ఖాళీ 10 కలిపి ఏడింటికి 385 అవుతుంది. 500 రేకు మీద రెండు పక్కలా చోటు మిగిలి, మూడక్షరాలకీ నాలుగంకెలకీ మధ్య చక్కగా ఎడం వస్తుంది. అందుకే పాత నంబర్లు ఒకే వరుసలో అంత తీరుగా కనబడతాయి. ఇప్పటి పది అక్షరాల నంబరుని ఇదే వెడల్పుతో ఒక వరుసలో పెడితే రేకు దాటిపోతుంది, అక్షరాన్ని సన్నం చేయాల్సిందే. చదరపు రేకైతే రెండు వరుసలకి 130 పోగా 70 మిగులుతుంది, దాన్ని పైనా, మధ్యా, కిందా మూడు సమానాలు చేసుకోండి.

తెలుపు మరీ మెరిసే తెలుపు వద్దు, చుక్క పసుపు కలిపితే పాత ఫొటోల్లో బోర్డులా ఉంటుంది. 1 అంకెకి కింద పీఠం గీయకండి, అప్పట్లో మేం గీసేవాళ్లం కాదు. అల్యూమినియం అచ్చు అక్షరాలు దొరికితే నల్ల రేకు మీద రివెట్లు కొట్టుకోవచ్చు. దర్జా దానిదే, పాత సామాన్ల షాపుల్లో వెతకాలి.

బిగించేటప్పుడు బంపరుకి కొత్త బెజ్జాలు వేయకండి. క్రోమియం పగిలిన చోట తుప్పు పట్టుకుంటుంది, మన సముద్రపు గాలికి మరీ తొందరగా. వెనక ప్లేటుకి లాకు ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, రబ్బరు తొడిగిన రెండు కొక్కేలతో నల్ల బోర్డుని పైనుంచి వేలాడదీయండి. ముందు దానికి రెక్కల నట్లు చాలు, చేత్తో విప్పొచ్చు. ప్రదర్శన అయిపోగానే రెండూ విప్పి, గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టి, తెల్ల బోర్డు రెండువైపులా కనబడుతోందో లేదో చూసి అప్పుడు స్టార్ట్ చేయండి.